కొక్కెర తెగులు వైరస్, క్యాన్సర్ కణం

వేసవి సెలవులకు ఖరగ్‌పూర్‌లో రైలెక్కి శ్రీకాకుళం, విజయనగరం వైపు అమ్మమ్మగారి ఊళ్లకు వెళ్లేవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. పెరట్లో కోళ్లు పెంచే ఇల్లయితే "ఈ ఏడు కొక్కెర వచ్చి కోళ్లన్నీ పోయాయి" అన్న మాట మీ చెవిన పడే ఉంటుంది. మొన్నటిదాకా గింజలు ఏరుకు తిన్న కోడి ముడుచుకుని కూర్చుంటుంది. నోరు తెరిచి ఆయాసపడుతుంది. ఆకుపచ్చగా, నీళ్లగా రెట్ట వేస్తుంది. కొన్నిటికి మెడ ఒక పక్కకు మెలి తిరిగిపోతుంది. టీకా వెయ్యని మంద అయితే కొద్ది రోజుల్లోనే గూడు ఖాళీ అయిపోవచ్చు.

మన ఇళ్లలో కొక్కెర తెగులు అనే ఈ జబ్బును ఇక్కడి బెంగాలీవాళ్లు రాణీఖేత్ రోగం అంటారు. పుస్తకాల్లో దీని పేరు న్యూకాసిల్ వ్యాధి. 1926లో ఇండోనేషియాలోని జావా దీవిలోనూ, ఇంగ్లండులో న్యూకాసిల్ అనే రేవు పట్టణం దగ్గరా ఇంచుమించు ఒకేసారి బయటపడింది. తరువాత కొద్దికాలానికే మన దేశంలో, ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్‌లో కనిపించింది. ఏ ఊళ్లో కనిపిస్తే ఆ ఊరి పేరు పెట్టేశారు. పాపం ఆ ఊళ్లు చేసిన తప్పేమీ లేదు.

ఈ పాఠం కోళ్ల జబ్బు గురించి మాత్రమే కాదు. కోళ్లను చంపే ఈ వైరస్‌నే మనుషుల క్యాన్సర్ మీద ప్రయోగించాలని శాస్త్రవేత్తలు 60 ఏళ్లుగా ప్రయత్నిస్తున్నారు. కోడి జబ్బుకూ క్యాన్సర్‌కూ ఏమిటి సంబంధం? కోడిని చంపేది మనిషిని ఎందుకు చంపదు? మనిషిని చంపలేనిది క్యాన్సర్ కణాన్ని ఎలా చంపుతుంది? ఈ మూడూ విడివిడి ప్రశ్నల్లా కనిపిస్తాయి కానీ జవాబు దాదాపు ఒకటే.

ముందుగా ఒక కథ. హంగరీ దేశపు డాక్టర్ చాటరీ 1971లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక చిన్న లేఖ రాశాడు. కోళ్లు పెంచే ఒక రైతుకు కడుపులో క్యాన్సర్ వచ్చి, శరీరంలో ఇతర చోట్లకు కూడా పాకింది. అదే సమయంలో ఆయన కోళ్లకు న్యూకాసిల్ వ్యాధి సోకింది. ఆ తరువాత రైతు క్యాన్సర్ గడ్డలు తగ్గుముఖం పట్టాయి. వైరస్ వల్లే తగ్గాయేమో చూడాలని ఆ డాక్టర్ సూచించాడు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఒక్క మనిషికి జరిగినదాన్ని బట్టి మందు పనిచేస్తుందని చెప్పగలమా? రైతుకు నయం కావడానికి వేరే కారణం ఉండవచ్చు. కోళ్లకు ఇదే జబ్బు వచ్చినా క్యాన్సర్ తగ్గని రైతులు ఎంతమంది ఉన్నారో ఎవరూ లెక్క పెట్టలేదు. అలాంటివాళ్ల గురించి ఎవరూ లేఖలు రాయరు కదా. అందుకని ఆ కథ రుజువు కాదు, వెతకడానికి ఒక కారణం మాత్రమే. ఈ తేడా గట్టిగా పట్టుకోండి. మన రైల్వే క్వార్టర్లలో కూడా క్యాన్సర్ వైద్యానికి కోల్‌కతాకో విశాఖపట్నానికో తిరుగుతున్న కుటుంబాలు ఉంటాయి. వాళ్ల ఫోన్లకు "ఫలానా ఆయనకు ఫలానాది తింటే తగ్గిపోయింది" అనే సందేశాలు రోజూ వస్తూనే ఉంటాయి. అవన్నీ ఆ రైతు కథలాంటివే. తేడా ఏమిటంటే, రైతు కథను పట్టుకుని కొందరు ప్రయోగశాలలోకి వెళ్లారు.

నిజానికి అంతకుముందే, 1965లో, అమెరికాలో కాసెల్, గారెట్ అనే ఇద్దరు ఈ వైరస్‌ను క్యాన్సర్ మందుగా వాడవచ్చని ఒక వ్యాసం ప్రచురించారు. ఎలా పనిచేస్తుందో అప్పట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. అది తెలియాలంటే ఇంకో సంగతి అర్థం కావాలి. ఆ సంగతి కూడా కోడిగుడ్డులోంచే బయటపడింది.

1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పొదిగిన కోడిగుడ్డులోని పల్చని పొర ముక్కలు తీసుకుని, వేడిచేసి శక్తి పోగొట్టిన ఫ్లూ వైరస్‌ను వాటితో కలిపి ఉంచారు. తరువాత ఆ ద్రవాన్ని తీసి కొత్త పొర ముక్కల మీద పోశారు. ఈసారి బతికున్న వైరస్‌ను వదిలినా అది సరిగ్గా పెరగలేకపోయింది. అంటే మొదటి పొరలోని కణాలు ఏదో పదార్థాన్ని బయటకు వదిలాయి. అది మిగతా కణాలను కాపాడింది. దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు. పన్నెండో తరగతి జీవశాస్త్రం పుస్తకంలో క్యాన్సర్ చికిత్స దగ్గర ఆల్ఫా ఇంటర్‌ఫెరాన్ అనే మాట అలా వచ్చి ఇలా వెళ్లిపోతుంది. చాలామంది దాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేస్తారు.

ఒక క్వార్టర్లో అర్ధరాత్రి దొంగ పడ్డాడనుకోండి. ఆ ఇంటివాళ్లు గట్టిగా అరుస్తారు. వాళ్ల సొమ్ము పోతే పోవచ్చు గానీ, ఆ అరుపు విన్న పక్క క్వార్టర్లవాళ్లు లేచి గొళ్లాలు బిగించుకుంటారు. కణాలు చేసేదీ ఇదే. వైరస్ జొరబడిన కణం ఇంటర్‌ఫెరాన్ రూపంలో అరుస్తుంది. ఆ అరుపు విన్న కణాలు వైరస్ తనలో పెరగకుండా తలుపులు మూసుకుంటాయి.

కొక్కెర తెగులు వైరస్ ఏం చేస్తుందంటే, అరిచే నోరు నొక్కేస్తుంది. ఈ వైరస్ దగ్గర వి ప్రొటీన్ అనేది ఒకటి ఉంది. అది కోడి కణాల ఇంటర్‌ఫెరాన్ వ్యవస్థను అడ్డుకుంటుంది. అరుపు వినిపించదు, పక్క కణాలు మేలుకోవు, వైరస్ ఒళ్లంతా పాకుతుంది. అదే వి ప్రొటీన్ మనిషి కణంలో సరిగ్గా పనిచేయదు. కోడి కణానికి తగినట్టు తయారైన ఆ ప్రొటీన్ మనిషి కణంలో సరిగ్గా అతకదు. కొత్త ఊరికి బదిలీ మీద వచ్చి, అక్కడి భాష రాక దిక్కులు చూసే మనిషిలా ఉంటుంది దాని పరిస్థితి. ఆ అవస్థ మీకు బాగా తెలుసు కదా.

అందుకే ఈ వైరస్ మనుషులకు సోకినా పెద్ద హాని చేయదు. ఆస్ట్రేలియాలో ప్రయోగశాలలో పనిచేసే ఒకరికి ఇది సోకిన సంగతిని 1943లో బర్నెట్ అనే శాస్త్రవేత్త ప్రకటించాడు. కోళ్లఫారాల్లో, టీకాలు వేసే చోట్ల పనిచేసేవాళ్లకు అప్పుడప్పుడు కళ్లు ఎర్రబడతాయి, కాస్త జ్వరం వస్తుంది. కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది.

ఇప్పుడు క్యాన్సర్ కణం దగ్గరికి వద్దాం. ఇంటర్‌ఫెరాన్ పని వైరస్‌ను ఆపడం ఒక్కటే కాదు. కణాల విభజనను కూడా అది నెమ్మదింపజేస్తుంది. ఆగకుండా పెరగడమే బతుకుగా పెట్టుకున్న క్యాన్సర్ కణానికి అది అడ్డం. అందువల్ల ఈ వ్యవస్థ పాడైపోయిన కణాలకు పెరగడంలో పైచేయి దొరుకుతుంది. చాలా రకాల క్యాన్సర్లలో ఇలా ఇంటర్‌ఫెరాన్ వ్యవస్థ దెబ్బతిని ఉంటుంది. వేగంగా పరిగెత్తాలని బరువుగా ఉన్న డాలును పారేసిన సైనికుడిలాంటిది ఆ కణం. పరుగు పెరిగింది. డాలు లేదు. కోడి వైరస్ వస్తే మామూలు మనిషి కణం తలుపు మూసుకుంటుంది. క్యాన్సర్ కణానికి మూయడానికి తలుపే లేదు. వైరస్ లోపల పెరిగి, కణాన్ని పగలగొట్టి, పక్క క్యాన్సర్ కణంలోకి పోతుంది. ఇలా క్యాన్సర్ కణాలను ఎంచుకుని పగలగొట్టే వైరస్‌లను ఆంకోలైటిక్ వైరస్‌లు అంటారు.

ఇంటర్‌ఫెరాన్ లోపం ఒక్కటే కారణమని అనుకోకండి. ఇంకా కొన్ని ఉన్నాయి. అలాగే ఇంటర్‌ఫెరాన్ వ్యవస్థ చెక్కుచెదరకుండా ఉన్న క్యాన్సర్లు కూడా ఉన్నాయి. వాటి మీద ఈ వైరస్ అంతగా పనిచేయదు. పనిచేసే చోట మాత్రం రెండు రకాలుగా పనిచేస్తుంది. రెండో రకమే ముఖ్యమైనదని ఇప్పుడు ఎక్కువమంది అనుకుంటున్నారు. క్యాన్సర్ గడ్డ మన రోగనిరోధక వ్యవస్థ కళ్లు గప్పి దాక్కుని ఉంటుంది. వైరస్ వచ్చి దాన్ని పగలగొట్టేసరికి అక్కడ గందరగోళం చెలరేగుతుంది. రక్షక కణాలు పరుగెత్తుకొస్తాయి. వైరస్‌తో పాటు పగిలిన క్యాన్సర్ ముక్కలను కూడా చూసి గుర్తుపెట్టుకుంటాయి. 2014లో న్యూయార్క్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద ఒక ప్రయోగం ప్రచురించారు. ఎలుకకు రెండు చోట్ల గడ్డలు ఉంటే ఒక గడ్డలోకి మాత్రమే ఈ వైరస్‌ను ఎక్కించారు. దానితో పాటు రోగనిరోధక వ్యవస్థకు ఉన్న పగ్గాలను వదులు చేసే మందు ఒకటి ఇచ్చారు. వైరస్ చేరని రెండో గడ్డ కూడా తగ్గింది. కాబట్టి దాన్ని తగ్గించింది వైరస్ కాదు, మేలుకున్న ఒంటి కాపలావాళ్లే.

మీలో ఎవరో ఒకరు ఈపాటికి అడగాలనుకుంటూ ఉంటారు: కోడి వైరస్సే ఎందుకు, మనిషి వైరస్‌లు లేవా? ఉన్నాయి. అనుమతి పొంది ఆసుపత్రికి చేరినవి అవే. పుండ్లు తెచ్చే హెర్పిస్ వైరస్‌ను మార్చి చేసిన మందుకు 2015లో అమెరికా అనుమతినిచ్చింది. అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కోసం. చైనా అంతకు పదేళ్ల ముందే జలుబు తెచ్చే అడినోవైరస్‌తో చేసినదానికి అనుమతినిచ్చింది. అయితే హెర్పిస్, తట్టు, అడినోవైరస్ లాంటివి మనలో చాలామందికి చిన్నప్పుడే సోకి ఉంటాయి, లేదా టీకా వేసి ఉంటారు. వాటిని గుర్తుపట్టే ప్రతిరక్షకాలు రక్తంలో సిద్ధంగా ఉంటాయి. వైరస్‌ను సెలైన్‌లా రక్తంలోకి ఎక్కిస్తే గడ్డను చేరేలోపే అవి పట్టేసుకుంటాయి. కోడి వైరస్‌ను మన ఒళ్లు ఎప్పుడూ చూసి ఉండదు. దానికి దారిలో అడ్డం తక్కువ. కుందేళ్లకు వచ్చే మిక్సోమా, పశువులకు నోట్లో పొక్కులు తెచ్చే వెసిక్యులర్ స్టొమటైటిస్ వైరస్ మీద పరిశోధనలు జరగడానికి ఇదొక ముఖ్య కారణం. కోడి వైరస్‌కు ఇంకో సుగుణం కూడా ఉంది. దాని జన్యుపదార్థం ఆర్ఎన్ఏ, పొడవు సుమారు 15,000 అక్షరాలు. అది మన కణ కేంద్రకంలోకి వెళ్లి డీఎన్ఏలో కలిసిపోదు.

ఇంత బాగుంటే మరి మందు ఎందుకు రాలేదు?

మనుషుల మీద ఫలితాలు గొప్పగా లేవు కాబట్టి. జర్మనీలోని హైడెల్బర్గ్‌లో శిర్‌మాకర్ బృందం రోగి నుంచే తీసిన క్యాన్సర్ కణాలకు ఈ వైరస్‌ను అంటించి, తిరిగి టీకాలా ఇచ్చే పద్ధతిని చాలా ఏళ్లు పరీక్షించింది. అమెరికాలో పీవీ 701 అనే రకాన్ని 79 మంది ముదిరిన క్యాన్సర్ రోగుల రక్తంలోకి ఎక్కించి, 2002లో ఫలితాలు ప్రచురించారు. జ్వరం, చలి లాంటివి ఎక్కువమందిలో కనిపించాయి. మొదటి డోసు తక్కువగా ఇస్తే తరువాతి డోసులను ఒళ్లు బాగా తట్టుకుంటుందని తెలిసింది. గడ్డలు స్పష్టంగా తగ్గినవాళ్లు మాత్రం కొద్దిమందే. దారిలో ప్రతిరక్షకాలు మొదట లేకపోయినా, ఒకటి రెండు డోసుల తరువాత ఒళ్లు వాటిని తయారు చేసుకుంటుంది. ఆమోదం పొందిన మందుల్లో జంతువుల వైరస్‌తో చేసినది ఈనాటికీ ఒక్కటీ లేదు.

కొద్దిమందిలోనే, కొన్నాళ్లే పనిచేసింది అంటే పనికిరానిదని అర్థమా? మన తెలుగువాడి కథ ఒకటి చెప్తాను. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధన నడిపాడు. కణాలు విభజన చెందడానికి ఫోలిక్ ఆసిడ్ అనే విటమిన్ కావాలి. దానిలాగే కనిపించి కణాన్ని మోసం చేసే అమినోప్టెరిన్‌ను ఆయన బృందం తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చాడు. 1948 జూన్‌లో ఫలితాలు ప్రచురించాడు. కొందరు పిల్లల్లో జబ్బు తగ్గింది, కానీ కొంతకాలానికి తిరిగి వచ్చింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు చనిపోయాడు. కథ అక్కడ ఆగిపోలేదు. దానికి తమ్ముడిలాంటి మెథోట్రెక్సేట్‌ను ఇతర మందులతో కలిపి ఎలా ఇవ్వాలో డాక్టర్లు ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. ఆనాడు దాదాపు అందరు పిల్లలనూ మింగేసిన ఆ రక్త క్యాన్సర్ నుంచి ఈనాడు మంచి వైద్యం అందినవాళ్లలో ఎక్కువమంది బయటపడుతున్నారు. సుబ్బారావు క్యాన్సర్ కణం ఆకలిని పట్టుకున్నాడు. వైరస్ పరిశోధకులు దాని డాలు లేనితనాన్ని పట్టుకున్నారు. మొదటిదానికి దారి దొరికింది కదా అని రెండోదానికీ దొరుకుతుందని హామీ ఏమీ లేదు. వెతకడం మాత్రం అలాగే మొదలవుతుంది.

ఇంకో చిక్కు ఉంది. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆలోచింపజేసేది ఇదే. దీని గురించి కోడి ఏమంటుంది?

ఈ వైరస్‌లో మెత్తని రకాలు, మధ్య రకాలు, ప్రాణాంతకమైన రకాలు ఉన్నాయి. కోడిపిల్లల కంట్లో, ముక్కులో చుక్కలుగా వేసే లాసోటా టీకా మెత్తని రకంతో చేసినదే. పిల్లలు కాస్త పెద్దయ్యాక సూదితో ఇచ్చే ఆర్‌టూబీ టీకా మధ్య రకం. దాన్ని 1940లలో ముక్తేశ్వర్‌లో మన శాస్త్రవేత్తలు కోడి పిండాల్లో మళ్లీ మళ్లీ పెంచి, బలం తగ్గించి తయారు చేశారు. ముక్తేశ్వర్ పనిని కొనసాగిస్తున్న భారత పశువైద్య పరిశోధన సంస్థలో ఈ వైరస్‌ను ప్రయోగశాలలోని క్యాన్సర్ కణాల మీద కూడా పరీక్షించారు.

రకాల మధ్య తేడాకు ముఖ్య కారణం ఎఫ్ ప్రొటీన్. వైరస్ కణంలోకి దూరాలంటే ఈ ప్రొటీన్‌ను ఎవరో ఒక చోట కత్తిరించాలి. మెత్తని రకాల్లో ఆ పని చేయగల ఎంజైములు కోడి ఊపిరి దారిలో, పేగుల్లో మాత్రమే ఉంటాయి. అందుకని వైరస్ అక్కడే ఆగిపోతుంది. తీవ్రమైన రకాల్లో ఆ కోత చోటు కొద్దిగా వేరుగా ఉంటుంది. అందువల్ల ఒంట్లో దాదాపు ప్రతి కణంలో ఉండే ఎంజైము దాన్ని కత్తిరించేస్తుంది. క్యాన్సర్ గడ్డలో కూడా అంతే. మెత్తని రకం ఒక కణంలో పెరిగి అక్కడే నీరసించిపోతుంది. తీవ్రమైన రకం గడ్డంతా పాకగలదు. అంటే క్యాన్సర్ మీద గట్టిగా పనిచేసే వైరస్సే కోళ్లకు ఎక్కువ ప్రమాదం.

రోగికి ఎక్కించిన వైరస్ కొంత మూత్రంలో, ఉమ్మిలో బయటికి వస్తుంది. ఆ రోగి ఇంటి పెరట్లోనే కోళ్లు ఉంటే? ఈ భయం వల్లే అమెరికాలో 2008 నుంచి మధ్య రకాలను కూడా కట్టుదిట్టమైన అదుపులో ఉంచవలసిన సూక్ష్మజీవుల పట్టికలో చేర్చారు. దానితో అక్కడ వాటిని మందుగా పరీక్షించడం కష్టమైపోయింది. ఇది అనవసరమైన అడ్డంకి అని విసుక్కునే పరిశోధకులు ఉన్నారు. నాకైతే అలా అనిపించదు. ఖరగ్‌పూర్ చుట్టుపక్కల పల్లెల్లోనూ, మన ఊళ్లలోనూ అయిదారు కోళ్లే ఆస్తిగా ఉన్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కోళ్లు పోతే ఆ ఇంటి ఆడవాళ్ల చేతిలో ఆడే నాలుగు రూపాయలూ, పిల్లలు తినే గుడ్డూ పోతాయి. ఒకరి ప్రాణానికి మందు వెతకడం ఎంత ముఖ్యమో, ఆ మందు గేటు దాటి వాళ్ల పెరట్లో పడకుండా చూడడం కూడా అంతే ముఖ్యం.

దీనికి పరిష్కారంగా కొందరు వైరస్ జన్యువులనే మార్చారు. ఎఫ్ ప్రొటీన్‌లోని కోత చోటును మార్చి, రెండు జన్యువుల మధ్య అదనపు ముక్క చేర్చి, కోళ్లకు మెత్తగానూ మనిషి క్యాన్సర్ కణాల్లో గట్టిగానూ ఉండే రకాలను తయారు చేశారు. మెత్తగా అయిందని ఎలా తెలుస్తుంది? పొదిగిన గుడ్లలోకి వైరస్‌ను ఎక్కించి, పిండం ఎన్ని గంటలకు చనిపోతుందో సగటు తీస్తారు. 60 గంటల లోపు అయితే అది ప్రాణాంతకమైన రకం. 60 నుంచి 90 గంటల మధ్య అయితే మధ్య రకం. 90 దాటితే మెత్తనిది.

పై తరగతులవాళ్లకు ఒక ప్రశ్న ఇస్తున్నాను. మీ దగ్గర మూడు రకాల వైరస్ ఉంది. మొదటిది క్యాన్సర్ కణాల్లో 90 శాతాన్ని చంపుతుంది, గుడ్డు పరీక్షలో 52 గంటలు. రెండోది 70 శాతం, 74 గంటలు. మూడోది 40 శాతం, 110 గంటలు. ఇవి లెక్క కోసం నేను వేసిన అంకెలు. రోగి ముదిరిన క్యాన్సర్‌తో ఉన్నాడు, ఇల్లు పల్లెటూళ్లో, పెరట్లో కోళ్లు. మీరు ఏ రకంతో మొదలుపెడతారు, రోగిని ఆసుపత్రిలో ఎన్నాళ్లు ఉంచుతారు, ఇంటికి పంపే ముందు ఏమేమి పరీక్షిస్తారు? ఒక పేజీకి మించకుండా రాసి తెండి. తెలుగు రాయడం రానివాళ్లు ఇంట్లో చెప్పి రాయించుకోవచ్చు.